కుడి చెంప మీద గాటు

వోల్క్‌మార్ నోటి ఎడమ మూల నుంచి సూప్ కారి, గడ్డం మీదుగా చొక్కా కాలరులోకి దిగింది. వాడికి తెలియలేదు. శనివారం నుంచి ఆ వైపు ఏం జరిగినా వాడికి తెలియడం లేదు.

"తుడుచుకో," అన్నాడు మా అన్నయ్య.

వాడు కుడివైపు తుడుచుకున్నాడు.

"అటు కాదురా దద్దమ్మా! ఇటు!"

అన్నయ్య బల్ల మీద గుద్దిన గుద్దుకు ఉప్పుగిన్నె బోర్లాపడింది. మా వదిన ఒటీలియా లేచి వెళ్ళి, ఇరవై రెండేళ్ళ కొడుకు గడ్డాన్ని తన రుమాలుతో అద్దింది. వాడు సిగ్గుపడి రెప్పలు వాల్చాడు. వాలింది కుడి రెప్ప ఒక్కటే. ఎడమ కన్ను నీళ్ళు కారుస్తూ అలా తెరుచుకునే ఉంది.

"కూర్చో ఒటీలియా. ఎల్లుండి కత్తి పట్టబోయే మగాడికి మూతి తుడవడమేంటి?"

"గాయం ఇంకా పచ్చిగానే ఉందండీ. కుట్లలోంచి చీము వస్తోంది. కుట్టింది మీరే, మీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిస్తే డాక్టరుగా ఒక్క మాట చెప్పండి. పనికిరాడని ఒక్క ముక్క రాసివ్వండి. వాళ్ళే ఆపేస్తారు."

"డాక్టరుగానే రాశాను, పొద్దున్నే. నాలుగింటికి వీడి విద్యార్థి సంఘం పెద్ద బ్రాన్‌స్టెట్ వచ్చి చీటీ పట్టుకెళ్తాడు."

"ఏమని రాశారు?"

"కత్తి పట్టడానికి అన్ని విధాలా తగినవాడు అని."

వదిన చేతిలోంచి రుమాలు జారి సూప్ పళ్ళెంలో పడింది. ఎవరూ తీయలేదు.

జర్మనీలో మా యేనా ఊళ్ళో యూనివర్సిటీ కుర్రాళ్ళు చదువుకంటే ముందు చెంప మీద గాటు సంపాదిస్తారు. అది చాలా గొప్ప సంగతని పెద్దమనుషులంతా అంటారు, వాళ్ళ చెంపల మీదా గాట్లున్నాయి కాబట్టి. ఎదురెదురుగా నిలబడి కత్తులతో కొట్టుకోవాలి. కాలు కదపకూడదు, తల కదపకూడదు, దెబ్బ వస్తుంటే కళ్ళు తెరిచి చూస్తూ ఉండాలి. ఎవరు గెలిచారన్నది ఎవరికీ పట్టదు. కదిలాడా లేదా, అంతే. మావాడు కదిలాడు. పోయిన శనివారం, తొమ్మిదో విడతలో, ఒక్క అంగుళం. కదలకపోయి ఉంటే కత్తి చెంప మీద పడేది, ఈపాటికి ఆ గాటుకు గాలి తగిలిస్తూ వీధుల వెంట తిరుగుతూ ఉండేవాడు. కదలడంతో అది చెవి పక్కన దిగింది. సగం ముఖం చచ్చిపోయింది. వాడి నీలిపట్టీ సంఘం వాళ్ళు ఆదివారమే కూర్చుని తేల్చేశారు. వారంలోగా మళ్ళీ నిలబడి పరువు కడుక్కోవాలి, లేదంటే ఛాతీ మీది సంఘం పట్టీ విప్పి ఇచ్చేసి పోవాలి.

"ఇంకో నెల ఆగమని అడగండి," అన్నది వదిన. "అదన్నా అడగండి. మీ మాట కాదనరు."

"నెల ఆగితే ఊరేమంటుంది? డాక్టర్ రాస్లర్ కొడుకు మంచం కింద దాక్కున్నాడంటుంది."

"అననివ్వండి!"

"నువ్వు వింటావు. నేను వినలేను." అన్నయ్య కుర్చీ వెనక్కి నెట్టాడు. "ఒరేయ్, ఇలా రా."

వోల్క్‌మార్ వెళ్ళి తండ్రి ముందు నిలబడ్డాడు. అన్నయ్య వాడి గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వెలుతురుకు తిప్పాడు. తిప్పి, బొటనవేలు సరిగ్గా కుట్ల మీద పెట్టి నొక్కాడు.

వదిన కెవ్వుమంది. వోల్క్‌మార్ నోరు మెదపలేదు. కుట్ల మధ్య నుంచి చీము, దాని వెనకే నెత్తురు, అన్నయ్య వేలి మీదుగా మణికట్టు దాకా కారాయి. వాడి కుడి సగం పాలిపోయి వణికింది. ఎడమ సగంలో ఏ మార్పూ లేదు.

"నొప్పా?"

"లేదు నాన్నగారూ."

"కదిలావా?"

"లేదు."

"చూశావా ఒటీలియా? పనికొస్తాడు." వేలు తువ్వాలుకు తుడుచుకుని, అన్నయ్య మళ్ళీ చెంచా అందుకున్నాడు.

* * *

గాయం కడిగి కట్టు మార్చడం నా పని. పన్నెండేళ్ళుగా శనివారాలు అన్నయ్య వెంట ఊరవతలి సత్రానికి వెళ్తున్నాను. పోటీలు జరిగే హాల్లోకి ఆడవాళ్ళను రానివ్వరు. వంటగదిలో కూర్చుని సూదులూ దారాలూ ఉడకబెట్టి, బేసిన్లు గుమ్మం దాకా అందిస్తాను. ఎన్ని తెగిన చెంపలు చూశానో లెక్కలేదు. దాదాపు అన్నీ ఎడమ చెంపలే. ఎదుటివాడు కుడిచేత్తో కొడతాడు, ఇవతలివాడికి ఎడమవైపు తగులుతుంది. అందులో వింతేమీ లేదు.

"అత్తా, నవ్వనా?" అన్నాడు వోల్క్‌మార్, నేను దూది తడుపుతుంటే.

"నోర్మూసుకో. కుట్లు తెగుతాయి."

"ఎందుకు తెగుతాయి? ఆ వైపు నవ్వదుగా." నవ్వి చూపించాడు. కుడివైపున మా వోల్క్‌మార్ ఉన్నాడు. ఎడమవైపున ఎవరో తెలియని మనిషి, నవ్వంటే గిట్టనివాడు.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. హాలె ఊళ్ళో మాది బార్బర్ షాపు. "ఏ ముఖమూ రెండు వైపులా ఒకటి కాదే తల్లీ," అనేవాడు నాన్న, కత్తి నూరుకుంటూ. "ఒక కనుబొమ్మ పైకుంటుంది, ఒక చెవి కిందికుంటుంది. ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చున్నారనుకో. ఇద్దరికీ నచ్చేలా గీయడమే పనితనం." ఆ మాట నిజమే. మా వదినను ఎడమవైపు నుంచి చూస్తే ఇప్పటికీ పెళ్ళికూతురే. ఇక అన్నయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. కుడి చెంప మీది గాటు ఆ పక్క పెదవిని కాస్త పైకి లాగి పెట్టింది. అటు నుంచి చూసేవాళ్ళకు ఆయన ఎప్పుడూ చిన్నగా నవ్వుతున్నట్టే ఉంటాడు. రోగులంతా దయగల డాక్టరంటారు. వాళ్ళను ఆ పక్కనే కూర్చోబెడతాడు మరి.

"చిన్నప్పుడు నాన్నగారి ఒళ్ళోకెక్కి ఆ గాటు మీద వేలు జార్చేవాణ్ణి," అన్నాడు వోల్క్‌మార్. "బారన్ కథ చెప్పండి, బారన్ కథ చెప్పండి అని ప్రాణం తీసేవాణ్ణి. గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఆరడుగుల బారన్, పెద్ద జమీందారీ బిడ్డ, ఎడమచేతివాటం. బళ్ళో అందరితో అనేవాణ్ణి, మీ నాన్నల్ని కొట్టింది మామూలు మనుషులురా, అందుకే అందరికీ ఎడమ చెంప మీదే ఉంది, మా నాన్నని కొట్టింది బారన్ అని."

నా చేతిలో దూది ఆగిపోయింది.

"మీరు కదిలారా నాన్నగారూ అని అడిగితే, వెంట్రుకంత కూడా కదల్లేదురా అనేవారు." వాడు కిటికీ వైపు తిరిగాడు. "నేను కదిలాను అత్తా. ఆయన కడుపున పుట్టి కదిలాను."

"ఒరేయ్, ఇదే వైపు ఇంకో దెబ్బ పడితే కన్ను పోతుంది. ఈ చీము తలకెక్కితే మనిషివే దక్కవు."

"తెలుసు. నేనూ వైద్యమే చదువుతున్నాగా."

"తెలిసి వెళ్తావా?"

"వెళ్ళకపోతే గుమ్మం తొక్కనివ్వనన్నారు. అదేం పెద్ద సంగతి కాదులే, ఎక్కడో ఒకచోట బతుకుతాను. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన ముఖం చూడాలి కదా. ఆ గాటు కనబడ్డప్పుడల్లా చచ్చిపోతాను అత్తా."

కట్టు ముడి వేసి బేసిన్ తీసుకుని బయటికి వచ్చాను. వదిన నడవాలో గోడకానుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"నువ్వొకసారి చెప్పి చూడు థెక్లా."

"నా మాట వింటాడా వదినా?"

"వింటారు. నా మాట వినరు గానీ నీ మాట వింటారు. నువ్వు గదిలోకొస్తే ఆయన గొంతు తగ్గుతుంది. పెళ్ళయిన కొత్తల్లోనే గమనించాను. చెల్లెలంటే అంత ప్రేమా అనుకున్నాను." వదిన నా కళ్ళలోకి చూసింది. "ప్రేమ కాదు. భయం. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు."

నేను బేసిన్ కింద పెట్టాను.

"మా నాన్న జడ్జి," అన్నది వదిన. "ఈయన పెళ్ళి మాటలకు వచ్చినప్పుడు ఇంటిపేరు అడగలేదు, కులాసా అడగలేదు. చెంప చూసి, ఎక్కడ, ఎవరితో అని అడిగాడు. ఈయన బారన్ అన్నారు. మా నాన్న వైన్ తెప్పించాడు. నా పెళ్ళి అలా అయింది." కళ్ళు తుడుచుకుంది. "నువ్వేం చెప్తావో నాకు తెలీదు. ఏదైనా సరే చెప్పు. ఇల్లు మండిపోయినా సరే."

ఇరవై ఆరేళ్ళుగా ఒక మాట మింగి కూర్చున్నాను. ఇంక మింగడం నా వల్ల కాలేదు.

* * *

మూడున్నర దాటింది. రోగులను చూసే గదిలో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. చీటీ బల్ల మీదే ఉంది. తలుపు వేశాను.

"ఆ చీటీ చింపెయ్ అన్నయ్యా."

"నీ పని నువ్వు చూసుకో."

"ఇది నా పనే. చింపి, పనికిరాడని ఇంకోటి రాయి. లేకపోతే నాలుగింటికి వచ్చే ఆ కుర్రాడికి నేనో కథ చెప్తాను."

"ఏం కథ?"

"అద్దం కథ. హాలెలో, మన షాపులో."

అన్నయ్య కలం కింద పెట్టాడు.

ఫ్రాన్సుతో యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అది. అన్నయ్యకు ఇరవై మూడు, నాకు పధ్నాలుగు. ఎంత బాగా చదివినా బార్బర్ కొడుకుని ఏ సంఘమూ గుమ్మమెక్కనివ్వలేదు. గాటు లేని డాక్టరుకు మంచి ఇళ్ళలో చోటు లేదు. ఒక ఆదివారం నాన్న చర్చికి వెళ్ళగానే అన్నయ్య షాపు గడియపెట్టి, పెద్ద అద్దం ముందు కూర్చుని, నాన్న కత్తి చేతిలోకి తీసుకున్నాడు. నెత్తురు పట్టమని గిన్నె నాకిచ్చాడు. రోజూ గడ్డాలు గీయించుకోవడానికి వచ్చే సంఘం కుర్రాళ్ళను చూసి చూసి, గాటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కంఠస్థం చేసుకున్నాడు. ఎదురుగా నిలబడి చూసేవాడికి ఆ గాటు తన కుడిచేతి వైపు కనబడుతుంది. అద్దంలోనూ తన కుడిచేతి వైపే కనబడేలా కోసుకున్నాడు. కేక వేయకుండా గుడ్డ కరిచిపెట్టుకుని, మూడుసార్లు ఆగి ఆగి కోసుకున్నాడు. కట్టు విప్పిన రోజు, కుర్చీలో ఉన్న ఒక కుర్రాడి పక్కన నిలబడి అద్దంలోకి చూసేదాకా తెలియలేదు. వాడి గాటు ఒక చెంప మీద ఉంది, తనది ఇంకో చెంప మీద ఉంది.

ఎడమచేతివాటం బారన్ ఆ వారంలోనే పుట్టాడు. మొదట్లో ఐదున్నర అడుగులే ఉండేవాడు. తర్వాత ఎదిగాడు. గ్రైఫ్స్‌వాల్డ్‌లో అన్నయ్య ఆరు నెలలు చదివిన మాట మాత్రం నిజం.

"నిన్నెవరు నమ్ముతారే?" అన్నాడు అన్నయ్య. గొంతు మెల్లగా ఉంది. ఆయన దగ్గర అలాంటప్పుడే జాగ్రత్తగా ఉండాలి. "పెళ్ళీ పెటాకులూ లేక నా ఇంట్లో పడి తింటున్నదానివి."

"నన్ను నమ్మక్కర్లేదు. గ్రైఫ్స్‌వాల్డ్‌కి ఒక్క ఉత్తరం రాస్తే చాలు. ప్రతి పోటీ అక్కడి సంఘాల పుస్తకంలో రాసి ఉంటుంది. నీ పేరూ ఉండదు, నీ బారన్ పేరూ ఉండదు."

"నీకు తెలుస్తోందా ఏం మాట్లాడుతున్నావో? ఈ ఇల్లు, ఈ ప్రాక్టీసు, మీ వదిన, అన్నీ దీని మీదే నిలబడ్డాయి." చూపుడువేలితో చెంప పొడుచుకున్నాడు. "నన్ను వీధిలో పడేస్తావా?"

"పడేయాలని ఉంటే ఇన్నాళ్ళు ఆగుతానా? నిన్ను కాచుకొచ్చింది నేనే. ఆ చీటీ చింపు, చచ్చేదాకా నోరు విప్పను."

"వాడు నిలబడి తీరాలి."

"ఎందుకు నిలబడాలి? నువ్వు ఏనాడూ నిలబడని చోట, బిడ్డను తీసుకెళ్ళి..."

మాట పూర్తి కాలేదు. జుట్టు పట్టుకుని నా మెడ వెనక్కి విరిచాడు. నేను గోళ్ళతో ఆయన చెయ్యి చీరేశాను. "నోరెత్తుతావా? నోరెత్తుతావా?" అంటూ పరికరాల బీరువా దాకా ఈడ్చుకెళ్ళి, నా ముఖాన్ని గాజు తలుపుకేసి కొట్టాడు. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకు పగిలింది.

చెంప మీద ముందు చల్లగా అనిపించింది, తర్వాత వేడిగా. నెత్తురు నా ఆప్రాన్ మీద టపటపా రాలింది. పెదవి పక్కన గాజుముక్క ఒకటి గుచ్చుకుని నిలబడింది. దాన్ని నేనే పీకి కింద పారేశాను.

అన్నయ్య నా జుట్టు వదిలేసి తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత ఏం చేశాడో చెప్తే మీరు నమ్మరు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, సూదిలోకి దారం ఎక్కించాడు. పాతికేళ్ళ అలవాటు. ఎదురుగా తెగిన చెంప ఉంటే ఆ చేతులు ఊరుకోలేవు.

"ఏ వైపు తెగింది?" అన్నాను.

"మాట్లాడకు. కదులుతుంది."

"ఏ వైపని అడుగుతున్నా."

"ఎడమ."

"ఈసారి సరిగ్గా కోశావు అన్నయ్యా."

నవ్వబోతే నోట్లోకి నెత్తురొచ్చింది. ఆయన కుట్టుకుంటూ పోయాడు. కుర్రాళ్ళకైతే మచ్చ బాగా కనబడాలని మోటుగా, ఎడంఎడంగా లాగి కుట్టేవాడు. నాకు దగ్గరదగ్గరగా, సన్నగా కుట్టాడు, రేపు కనబడకుండా పోయేలా. ఆ చేతుల మీద నాకు కోపం రాలేదు. రానందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ఐదో కుట్టు వేస్తుండగా లోపలి తలుపు తెరుచుకుంది.

వోల్క్‌మార్ నా ముఖం చూశాడు. పగిలిన బీరువా చూశాడు. తండ్రిని చూశాడు.

"బారన్ పేరేంటి నాన్నగారూ? ఇన్నేళ్ళూ అడగడం మర్చిపోయాను."

అన్నయ్య చేతిలో సూది అలాగే ఉండిపోయింది. "బయటికి పో. మీ అత్తకు మతి చలించి..."

"తలుపవతలే ఉన్నాను. అంతా విన్నాను. గాజు పగిలినా లోపలికి రావడానికి కాళ్ళు రాలేదు. అదీ నా పౌరుషం." ట్రేలోంచి చిన్న కత్తి తీశాడు. "కూర్చోండి నాన్నగారూ. ఎడమ చెంప మిగిలిపోయింది."

"కత్తి కింద పెట్టు."

"నేనే కోస్తాను, అద్దం అక్కర్లేదు. మీరు కదలకుండా ఉంటే శనివారం నోరెత్తకుండా వెళ్తాను. చచ్చినా సరే. కదిలితే ఆ చీటీ చింపేయండి."

"వోల్క్‌మార్, వద్దురా!" అన్నాను. దారం నా చెంపకు వేలాడుతోంది.

అన్నయ్య కొడుకును ఎగాదిగా చూశాడు. ఆయనలో ఏదో మొండితనం లేచింది. కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎడమ చెంప వెలుతురుకు తిప్పాడు.

"కొయ్యి," అన్నాడు. "మీ నాన్నేంటో చూద్దువుగాని."

నిజం చెప్పాలి. ఆ క్షణంలో ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

వోల్క్‌మార్ చెయ్యి వణకలేదు. కత్తి మెల్లగా కణత దగ్గరికి వచ్చింది. బెత్తెడు దూరంలో ఆగింది. మళ్ళీ ముందుకు కదిలింది. ఇంకా చర్మాన్ని తాకనేలేదు.

అన్నయ్య తల వెనక్కి లాక్కున్నాడు.

ఒక అంగుళం కాదు. కుర్చీతో సహా వెనక్కి పడబోయి బల్ల అంచు పట్టుకున్నాడు. రెండో చేతిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "వద్దు, వద్దు" అన్నాడు. ఆ గొంతు నేను సత్రంలో పన్నెండేళ్ళలో ఏ కుర్రాడి దగ్గరా వినలేదు.

వోల్క్‌మార్ కత్తిని చప్పుడు కాకుండా ట్రేలో పెట్టాడు.

"మేమూ విన్నాం, మేమూ చూశాం," అన్నది వదిన.

రోగులు ఎదురుచూసే గది తలుపు బార్లా తెరిచి ఉంది. వదిన పక్కన, నీలిటోపీ చేత్తో పట్టుకుని బ్రాన్‌స్టెట్ నిలబడి ఉన్నాడు. సంఘానికి పెద్ద, వయసు మాత్రం వోల్క్‌మార్ కంటే ఒక్క ఏడు ఎక్కువ. కావాలనుకుంటే వదిన అతణ్ణి ముందుగదిలోనే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మాటల్లో పెట్టి ఉండేది. ఈ ఇంటి గొడవ ఏదీ బయటి చెవిన పడకుండా ఇరవై నాలుగేళ్ళుగా కాపాడింది ఆవిడే. ఇవాళ తనే తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టింది.

"ఒటీలియా... నువ్వా?"

"నా కొడుకుని చంపుకోలేనండీ. మీ బారన్ కోసం అసలే చంపుకోలేను."

అన్నయ్య లేచాడు. చీటీ తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు.

"బ్రాన్‌స్టెట్, విను బాబూ. వీడు పనికిరాడు. గాయం కుళ్ళుతోంది, నరం తెగింది, రాత్రుళ్ళు జ్వరం వస్తోంది. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఇంకో దెబ్బ పడితే బతకడు. డాక్టరుగా చెప్తున్నాను, బతకడు."

ప్రతి అక్షరం నిజం. ఆదివారం నుంచీ మేం ఆ మాట కోసమే ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాం.

బ్రాన్‌స్టెట్ ఆయన వైపు చూడకుండా గోడ వైపు చూశాడు. "మీ మాట ఇక మాకు చెల్లదు డాక్టరుగారూ. పొద్దున రాసింది చెల్లదు, ఇప్పుడు చెప్పిందీ చెల్లదు. మీకిచ్చిన గౌరవ పట్టీ రేపటిలోగా తిరిగి పంపించండి." తర్వాత వోల్క్‌మార్ వైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది. "నువ్వు రాకపోయినా ఎవరూ ఏమీ అనరు రాస్లర్. ఈ ఇంట్లో పుట్టినవాడు కదిలాడంటే అందరూ అర్థం చేసుకుంటారు."

దయతోనే అన్నాడు. వాడి నోట్లో ఆ దయ పుట్టకుండా ఉంటే బాగుండేది.

వోల్క్‌మార్ కుడి చెంప ఎర్రగా కందిపోయింది.

"ఎనిమిదింటికేనా?" అన్నాడు.

"ఒరేయ్!" అని అరిచింది వదిన.

"ఎనిమిదింటికే," అన్నాడు బ్రాన్‌స్టెట్, తడబడి. "కానీ చీటీ..."

"చీటీ ఇచ్చే డాక్టరు లేనప్పుడు మనిషి తన మాట మీద నిలబడొచ్చు. మన సంఘం నియమమే అది. నేను తగినవాణ్ణే. నా మాట."

అన్నయ్య వాడి చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దురా నాన్నా. చచ్చిపోతావురా. నీకు దణ్ణం పెడతాను."

వోల్క్‌మార్ ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు. కోపంగా కాదు, రోగి చెయ్యి విడిపించుకున్నట్టు.

"మీ నాన్న కోసం చచ్చిపోవద్దురా," అన్నాను. తెగిన పెదవితో మాట సగమే వచ్చింది.

"ఆయన కోసం కాదు అత్తా. మధ్యాహ్నం దాకా ఆయన కోసమే. ఇప్పుడు ఆయన ముఖం చూసి భయపడాల్సిన పని లేదు. నా ముఖమే నేను చూసుకోవాలి."

టోపీ తీసుకుని బ్రాన్‌స్టెట్‌తో కలిసి వీధిలోకి వెళ్ళిపోయాడు. వదిన చెప్పులు కూడా లేకుండా వెనక పరుగెత్తింది. అన్నయ్య చింపిన ముక్కలను బల్ల మీద పేర్చుతూ, మళ్ళీ చెదరగొట్టుకుంటున్నాడు. నా చెంపకు దారం అలాగే వేలాడుతోంది. కుట్టమని అడగలేదు నేను.

వాణ్ణి ఆపడానికే నోరు తెరిచాను. వాణ్ణి ఆపగల మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు, ఒక్క మాటతో ఆపగలిగి ఉండేవాడు. ఆ మాటకు విలువ లేకుండా చేసింది నేనే.